స్టీరింగుకు కట్టిన ఎర్రగుడ్డ

లారీ వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చిన కర్రలకు ఎర్రగుడ్డ కడతారు. వెనక వచ్చేవాడు చూసుకుని ఆగాలని. అది రోడ్డు మీద తిరిగే ఎవరికైనా తెలుసు. కోరుట్లలో మా షెడ్డులో మాత్రం ఎర్రగుడ్డకు ఇంకో అర్థం ఉండేది. దాన్ని లారీ వెనక కాదు, స్టీరింగుకు కట్టేవాళ్లం. ఆ సంగతి షెడ్డులో పనిచేసే మా ఇద్దరికీ, బండ్ల యజమానికీ, వాటిని నడిపే ముగ్గురు డ్రైవర్లకూ తప్ప ఇంకెవరికీ తెలియదు.

నేను మెకానిక్‌ను. ముప్పై ఏళ్లకు పైగా చేసి, మోకాళ్లు అరిగిపోయి, బండి కిందికి దూరితే మళ్లీ లేవలేక పని మానేశాను. ఇప్పుడు షెడ్డుల్లో కొత్తగా చేరిన తమ్ముళ్లు అప్పుడప్పుడు వచ్చి, "మిలిట్రీ బండ్ల ముచ్చట చెప్పు కాకా" అని అడుగుతుంటారు. బురదలోంచి బండ్లు లాగిన కథలు చెప్పి, నవ్వించి పంపేస్తాను. ఈ కథ మాత్రం వాళ్లెవరికీ చెప్పలేదు. ముఖం చెల్లలేదు. ఎదురుగా కూర్చుని చెప్పలేనిది కాగితం మీదైనా చెబుదామని ఇప్పుడు రాస్తున్నాను.

మా సేటు మిలిట్రీ వాళ్లు తీసేసిన లారీలు మూడు వేలంలో కొన్నాడు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చి, మనిషెత్తు చక్రాలతో, ఒళ్లంతా ఆకుపచ్చ రంగుతో అవి కోరుట్ల బజారులోకి వస్తే జనం నవ్వారు. "సేటు యుద్ధానికి పోతున్నడా ఏంది?" అన్నారు. ఆ వానాకాలం మల్లాపూర్ దిక్కు రేగడి పొలాల్లో మామూలు లారీలు ఇరుసుల దాకా దిగబడి ట్రాక్టర్ల కోసం ఎదురుచూస్తుంటే, మా బండి ముందు చక్రాలూ వెనక చక్రాలూ కలిపి తిప్పుకుంటూ లోడుతో బయటికి వచ్చింది. నవ్వినవాళ్లే బాడుగ కోసం సేటు ఇంటి ముందు నిలబడ్డారు.

నడపడం సులువే. కాగితాలు చేయించడమే గగనం. మిలిట్రీ బండికి మనలాంటి నంబరు ఉండదు. వేలం కాగితాలన్నీ పట్టుకుని జగిత్యాల ఆఫీసుకు పోయి మొదటి నుంచీ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఆ ఆకుపచ్చ రంగు బయటివాళ్లు వాడకూడదు, మొత్తం గీకి వేరే రంగు వేయాలి. ఎంత గీకినా తలుపు మూలల్లో పచ్చదనం కనబడుతూనే ఉండేది. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకురమ్మనేవారు. ఆ నంబరు ఎక్కడ కొట్టారో వెతకడానికే మాకు రెండు రోజులు పట్టింది. ఆఫీసు చుట్టూ తిరిగింది నేనే. మూడు బండ్లకూ నంబర్లు వచ్చేసరికి అక్కడి గుమాస్తా నన్ను "ఏం మేజర్ సాబ్" అని పలకరించే దాకా వచ్చింది. నాకు లోపల ఎంత పొంగు! అక్కడే చెడిపోయాను.

నంబరు తెస్తే అయిపోదు కదా. గడువు తీరినప్పుడల్లా బండి తీసుకుపోయి ఫిట్‌నెస్ చూపించాలి. లైట్లు, టైర్లు ఎలాగో సర్దుకునేవాళ్లం. బ్రేకుల దగ్గరే చిక్కు. ఆ బండ్ల బ్రేకు మాస్టర్ సిలిండర్లు మూడూ అరిగిపోయాయి. హైదరాబాదు పాత సామాన్ల దుకాణాలన్నీ గాలిస్తే మంచిది ఒక్కటే దొరికింది. మూడు బండ్లు, ఒక్క సిలిండర్. అప్పుడు ఉపాయం చెప్పింది నేనే. ఏ బండికి ఫిట్‌నెస్ ఉంటే దానికి ఆ మంచి సిలిండర్ బిగించడం, ఇన్‌స్పెక్టర్ ముందు పాస్ చేయించడం, తెచ్చి విప్పేసి పాతది పెట్టడం. ముగ్గురు అక్కచెల్లెళ్లకు పెళ్లిచూపులకు ఒకే గొలుసు వేసినట్టన్నమాట. దాని పేరు కూడా "పెళ్లినగ" అనే పెట్టుకున్నాం. సేటు నా తెలివికి మురిసిపోయాడు.

పాత సిలిండర్లు ఖాళీ బండికి బాగానే పట్టేవి. లోడు మీద, దిగుడులో నాలుగైదుసార్లు తొక్కాక మాత్రం పెడల్ మెల్లగా అడుగుకు దిగిపోయేది. గబగబా రెండు మూడుసార్లు పంపు చేసి తొక్కితేనే మళ్లీ పట్టేది. డ్రైవర్లు దిగుడు రాకముందే చిన్న గేరులో వేసుకుని, పంపు చేసుకుంటూ దిగేవారు. పెళ్లినగ ఉన్న రోజుల్లో ఆ బాధ లేదు, ఒక్క తొక్కుడుకు ఆగేది. కాబట్టి బండికి ఏ సిలిండర్ ఉందో డ్రైవరుకు తెలిసి తీరాలి. నోటిమాట మరిచిపోతామని మా ఉస్తాద్ ఎర్రగుడ్డ పద్ధతి పెట్టాడు. స్టీరింగుకు గుడ్డ ఉంటే నగ దిగిపోయింది, జాగ్రత్త అని. గుడ్డ లేకపోతే నగ ఇంకా బండికే ఉందని. నగ మళ్లీ ఎక్కేదాకా ఆ గుడ్డ అలాగే ఉండాలి.

ఉస్తాద్ నాకు పని నేర్పిన పెద్దమనిషి. ఈ నగ వ్యవహారం ఆయనకు ఇష్టం లేదు. "తప్పు పనే, కనీసం కాయిదాగ, ఒక పద్ధతిల చెయ్యిండ్రి" అని గుడ్డ తెచ్చాడు.

ముగ్గురు డ్రైవర్లలో ఒకాయనది సిరిసిల్ల. నేతపని చేసే ఇల్లు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. ఆ సాంచాల చప్పుడు పడక లారీ ఎక్కానని చెప్పేవాడు. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. "అన్నా" అని పిలిచేవాడు. బండిని రోజూ కడిగేవాడు. క్యాబిన్ మెట్టు మీద ఒక కాలు పెట్టి, స్టీరింగు వంక ఒకసారి చూసి, తల తిప్పి మళ్లీ ఒకసారి చూసి ఎక్కేవాడు. నేను ఆటపట్టించేవాణ్ని.

"ఏంది తమ్మీ, స్టీరింగుకు దండం పెడుతున్నవా?"

"రెండుసార్లు చూసుడు అలవాటు అన్నా. మా నాయిన పోగు తెగిందా అని రెండుసార్లు చూసెటోడు. ఒక్కసారి చూస్తే కండ్లు మోసం జేస్తయి అనెటోడు."

ఆ రోజు ఆయన బండికే ఫిట్‌నెస్. పొద్దున్నే జగిత్యాల తీసుకుపోయాం. ఇన్‌స్పెక్టర్ తనే ఎక్కి నడిపి, గట్టిగా బ్రేకు తొక్కాడు. బండి ఉన్నచోట నిలిచింది. "ముసలి బండైనా బ్రేకులు మంచిగున్నయి" అని సంతకం పెట్టాడు. మధ్యాహ్నానికి కోరుట్ల వచ్చాం. మర్నాడు రెండో బండి వంతు. వెంటనే నగ విప్పాలి. డ్రైవరు అన్నం తినడానికి పోయాడు. తిని వచ్చి, కథలాపూర్ అవతలికి జామాయిల్ కర్ర కోసం పోవాలి.

నగ విప్పి పాతది బిగించాక, ఉస్తాద్ పెడల్ తొక్కుతుంటే నేను కింద పడుకుని బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీశాను. పని అయిపోయాక ఆయన చేతులు కడుక్కోవడానికి పోతూ అడిగాడు.

"గుడ్డ కట్టినవా?"

"కడ్త ఉస్తాద్."

గుడ్డ నా భుజం మీదే ఉంది. క్యాబిన్ వైపు రెండడుగులు వేశాను కూడా. అంతలో సేటు వచ్చాడు, చేతిలో మిఠాయి పొట్లంతో. "నువ్వు లేకుంటే నా బండ్లు ఇనుప సామానుకు పోయేటియిరా!" అని వీపు తట్టాడు. మిఠాయి తీసుకోవాలంటే చేతులకు గ్రీజు. భుజం మీది గుడ్డ తీసి శుభ్రంగా తుడుచుకున్నాను. తుడుచుకుని జేబులో కుక్కుకున్నాను. సేటు పొగుడుతున్నాడు, నేను నములుతున్నాను. వెనక బండి స్టార్టయింది.

"పోతున్న అన్నా!" అని కేకేశాడు డ్రైవరు.

నేను వెనక్కి తిరగకుండానే చెయ్యి ఊపాను.

మర్నాడు పొద్దున రెండో బండి తీసుకుని జగిత్యాల బయల్దేరబోతుంటే కబురు వచ్చింది. తెల్లవారుజామున లోడుతో తిరిగి వస్తూ కథలాపూర్ ఇవతల గుట్ట దిగుడులో మన బండి అదుపు తప్పిందట. సైకిల్ మీద కల్లు తీసుకుపోతున్న గీత కార్మికుణ్ని కొట్టి, రోడ్డు పక్క గట్టుకు గుద్దుకుని ఆగిందట. మోటార్ సైకిల్ తాళంచెవి కోసం జేబులో చెయ్యి పెట్టాను. మెత్తగా తగిలింది. నిన్నటి ఖాకీ చొక్కానే వేసుకుని ఉన్నాను. గుడ్డ బయటికి తీసి చూసి, అక్కడే ఉన్న టైరు మీద కూర్చుండిపోయాను.

అప్పుడైనా సేటు దగ్గరికి పోయి, "గుడ్డ కట్టుడు మరిచిన సేటూ" అంటే అయిపోయేది. మతిమరుపు తప్పే కానీ పాపం కాదని ఎవరో ఒకరు అనేవారు. నేనేం చేశానో చెప్పడానికే ఇంతదూరం వచ్చాను.

సేటు, ఉస్తాద్ జీపు మాట్లాడుకుంటుంటే నేను ముందుగా మోటార్ సైకిల్ మీద పోయాను. దెబ్బ తగిలిన ఇద్దరినీ అప్పటికే జగిత్యాల దవాఖానకు తీసుకుపోయారు. రోడ్డంతా కర్రలు. పగిలిన కల్లుకుండల వాసన. జనం సైకిల్ చుట్టూ మూగి ఉన్నారు. "బ్యాటరీ వైరు తియ్యాలె, లేకుంటే మంటలు లేస్తయి" అని గట్టిగా అంటూ క్యాబిన్‌లోకి ఎక్కాను. వైరు నిజంగానే తీశాను. తరవాత జేబులోంచి గుడ్డ తీసి స్టీరింగుకు కట్టాను. మొదటిసారి ముడి పడలేదు. రెండోసారి పడింది.

సేటు వచ్చి క్యాబిన్‌లోకి తొంగిచూశాడు. గుడ్డ కనబడింది. "అరే, గుడ్డ ఎదురుంగ పెట్టుకొని గిట్ల ఎట్ల తోలిండురా వీడు!" అని తల కొట్టుకున్నాడు. ఉస్తాద్ ఎక్కి గుడ్డను వేళ్లతో నలిపాడు. గ్రీజు ఆయన వేళ్లకు అంటింది. వేళ్లు చూసుకుని, నా ముఖం చూశాడు.

"స్టీరింగుకు కట్టే గుడ్డకు ఇంత గ్రీజు ఎక్కడిదిరా?"

"ఎప్పటిదో ఉస్తాద్."

ఆయన ముడి విప్పి, గుడ్డ మడిచి తన జేబులో పెట్టుకున్నాడు. పెళ్లినగను ఆ వారమే సుత్తితో పగలగొట్టి పాత ఇనుములో వేశాడు. సేటు అరిచినా వినలేదు. నాతో పని మాటలు తప్ప ఇంకో మాట మళ్లీ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇది ఒక ఎత్తు. దవాఖానలో జరిగింది ఇంకో ఎత్తు. డ్రైవరుకు మెడ కింది ఎముక విరిగింది. గీత కార్మికుడికి మోకాలి కింద కాలు తీసేశారు. ఇక చెట్టెక్కలేడు. ఆ మాట విని డ్రైవరు పడుకున్నచోటే ఏడుస్తున్నాడు. నన్ను చూడగానే మంచి చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, గుడ్డ లేకుండె గదా?"

నన్నే అడిగాడు. లోకంలో ఇంకెవరినీ అడగలేదు. నన్ను నమ్మి అడిగాడు.

"ఉండె తమ్మీ," అన్నాను. "సేటు గూడ చూసిండు."

"నేను రెండుసార్లు చూసిన గదనే."

"తొందరల ఉన్నవేమో."

ఆయన నా చెయ్యి వదిలేసి, తన అరచేతితో కళ్లు మూసుకున్నాడు. ఆ నోటితోనే నేను ఇంటికొచ్చి అన్నం తిన్నాను.

విచారణలో ఇన్‌స్పెక్టర్ కాగితం తిరగేసి, "ముందురోజే నేను తొక్కి చూసిన, బ్రేకులు మంచిగుండె" అన్నాడు. నన్ను అడిగారు. "మంచిగనే ఉండె సార్" అన్నాను. ఆ ఇన్‌స్పెక్టర్ కళ్లలో దుమ్ము కొట్టింది కూడా నేనే కదా. నగ సంగతి చెబితే మూడు బండ్లూ మూలపడతాయి, మిగతా ఇద్దరు డ్రైవర్ల పొట్ట కొట్టినట్టవుతుందని డ్రైవరు నోరు విప్పలేదు. అసలు ఆయన దృష్టిలో తప్పు నగది కాదు, గుడ్డను చూడని తన కళ్లది. "నాదే తప్పు సార్" అని తలవంచుకున్నాడు. లైసెన్సు పోయింది. గడువు తీరాక మళ్లీ తీసుకోవచ్చని సేటే చెప్పినా తీసుకోలేదు. సిరిసిల్ల పోయి, ఏ చప్పుడు పడక వచ్చాడో ఆ చప్పుడులోకే మళ్లీ పోయాడు. నేను మాత్రం షెడ్డులో పెద్ద మెకానిక్‌నయ్యాను.

ఇరవై ఏళ్లు దాటింది. పోదాం పోదాం అనుకున్న రోజులు లేకపోలేదు. ఒకసారి సిరిసిల్ల బస్సెక్కి, వేములవాడలో దిగి, వెనక్కి వచ్చేశాను. గీత కార్మికుడు రెండు మూడేళ్ల కిందే పోయాడని విన్నాను. ఆయనకు చెప్పుకునే దారి అలా మూసుకుపోయింది.

పోయిన ఎండాకాలం ఉస్తాద్ కన్నుమూశాడు. ఆయన కొడుకు పానాల పెట్టె ఒకటి తెచ్చి, "నీకే ఇయ్యమన్నడు కాకా" అని దించిపోయాడు. తెరిచి పానాలన్నీ తీశాను. అడుగున ఎర్రగుడ్డ. ఉతకలేదు. గ్రీజు నల్లగా గట్టిపడి ఉంది. ఉస్తాద్ అన్నేళ్లు నన్ను తిట్టకుండా దాచిపెట్టిన తిట్టు అది. మర్నాడే సిరిసిల్ల పోయాను.

డ్రైవరు ఇల్లు వెతుక్కుంటూ పోయేసరికి ఆయన అప్పుడే సాంచాల షెడ్డు నుంచి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. జుట్టు నెరిసింది. నల్ల ఫ్రేము కళ్లద్దాలు. నన్ను గుర్తుపట్టి లేచాడు.

"అన్నా! ఎన్నేండ్లకు అచ్చినవే! కూసో, కూసో." లోపలికి చూసి భార్యను పిలిచాడు. "ఏమే, కోరుట్ల అన్న అచ్చిండు, ఛాయ్ పెట్టు."

ఆ ఆదరణకు నేను తట్టుకోలేకపోయాను. ఏదో ఒకటి అనాలని, "అద్దాలు ఎప్పటి సంది తమ్మీ?" అన్నాను.

"గప్పటి సందే. దవాఖానకెల్లి అచ్చినంక కండ్ల డాక్టర్ దగ్గరికి పోయిన. పోరగాని కండ్ల లెక్క ఉన్నయి నీ కండ్లు అన్నడు. ఎదురుంగున్న ఎర్రగుడ్డ కానరాలే, గివి మంచి కండ్లు ఎట్లయితయి సార్ అని నేనే బతిలాడి పెట్టించుకున్న. ఉత్త అద్దాలేనట." నవ్వాడు. "పెట్టుకుంటే జర ధైర్నం."

నేను జేబులోంచి గుడ్డ తీసి మంచం మీద పెట్టాను. చెప్పాను. మిఠాయి సంగతి, జేబు సంగతి, బ్యాటరీ వైరు సంగతి, దవాఖానలో అన్న మాట, అన్నీ. తల వంచుకునే చెప్పాను. ఆయన గుడ్డను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గుడ్డ లేకుండె," అన్నాడు చివరికి.

"లేకుండె తమ్మీ."

"నేను రెండుసార్లు చూసిన."

"చూసినవు."

ఆయన భార్య ఛాయ్‌తో వచ్చింది. "నువ్వు గూడ కూసో," అని ఆమెతో చెప్పి, నా వైపు తిరిగాడు. "మళ్ల చెప్పు అన్నా."

మళ్లీ చెప్పాను. ఆమె గ్లాసు నా ముందు పెట్టలేదు, చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. అంతలో ఆఫీసు నుంచి కూతురు వచ్చింది. "బిడ్డా, ఇటు రా. ఈ పెదనాయిన చెప్పేది ఇను," అన్నాడు. మూడోసారి చెప్పాను. ఆ అమ్మాయి బ్యాగు కూడా దించలేదు.

"మా నాయిన నన్ను ఒక్కనాడు సైకిల్ మీద ఎక్కించుకోలే," అంది. "నాకు కండ్లు కానరావు బిడ్డా, నువ్వు నడిచే పో అనెటోడు. వానల గూడ నడిచే పోయిన. ఏటా దసరాకు పోయి ఆ కాలు లేని తాత కాళ్లకు... ఉన్న ఒక్క కాలుకు మొక్కి అచ్చెటోడు. నువ్వు గా తాత దగ్గరికి ఒక్కనాడన్న పోయినవా?"

పోలేదని చెప్పాను. ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. తిడితే బాగుండు అనిపించింది.

క్షమించమని అడగడానికి నోరు రాలేదు. లేచాను. డ్రైవరు కూడా లేచాడు. వద్దన్నా వినకుండా బస్సు దాకా వచ్చాడు. గుడ్డ ఆయన జేబులో ఉంది, నేను అడగలేదు. రోడ్డు పక్కన నిలబడ్డాక కళ్లద్దాలు తీసి మడిచి ఆ గుడ్డతో పాటే పెట్టుకున్నాడు.

దూరంగా మలుపు దగ్గర బస్సు ఒకటి తిరిగింది. నేను కళ్లు చికిలించాను. ముందు అద్దం మీద బోర్డు ఉన్నట్టు తెలుస్తోంది కానీ అక్షరాలు తెలియడం లేదు.

"కోరుట్ల," అన్నాడు ఆయన. "కథలాపూర్ మీదికెల్లి."

ఇంకోసారి చూశాడు. "కోరుట్లే."

బస్సు దగ్గరికి వచ్చింది. బోర్డు మీద అదే ఉంది. ఆయన నా ముఖం చూడలేదు. రెప్ప వేయకుండా ఆ బోర్డునే చూస్తూ, చిన్న పిల్లవాడిలా, "కనవడ్తనే ఉన్నది గదనే నాకు," అన్నాడు. నేను బస్సెక్కి, ఆయనకు కనబడకుండా అవతలి పక్క సీట్లో కూర్చున్నాను.